ఇంగ్లండ్‌లో ఇల్లు కొని స్టూడెంట్లకు అద్దెకిద్దామనుకుంటున్నారా? ఈ చిట్కాలు చూడండి

యూనివర్సిటీ దగ్గర ఇల్లు కొని, గదుల లెక్కన పిల్లలకు అద్దెకిద్దామని మనవాళ్లలో చాలామందికి ఉంటుంది. మేస్త్రీని పిలిచే ముందు కౌన్సిల్ రూల్స్ చూసుకుంటే డబ్బూ, నిద్రా రెండూ మిగులుతాయి. నేను పాటించేవే చెబుతున్నా, రాసిపెట్టుకోండి.

1. ముందు ఎంతమందిని పెడతారో తేల్చుకోండి. చుట్టరికం లేని ముగ్గురి నుంచి ఆరుగురు ఒకే వంటిల్లు, బాత్రూమ్ వాడుకుంటే అది 'సీ4', అంటే చిన్న హెచ్‌ఎంఓ (హౌస్ ఇన్ మల్టిపుల్ ఆక్యుపేషన్, వేర్వేరు కుటుంబాలవాళ్లు కలిసి ఉండే ఇల్లు). మామూలు కాపురం ఇల్లు 'సీ3'. ఈ రెండు పేర్లు తెలిస్తే కౌన్సిల్‌తో మాట్లాడటం తేలికవుతుంది.

2. అద్దె వస్తుంది కదా అని ఏడో మనిషిని చేర్చకండి. ఏడుగురైతే ఏ ఊళ్లోనైనా మామూలుగా పూర్తి ప్లానింగ్ పర్మిషన్ అడుగుతారు. ఆరుగురితో ఆగితే చాలాచోట్ల ఆ ఫీజూ, ఎదురుచూపూ తప్పుతాయి.

3. ఇల్లు చూడ్డానికి వెళ్లకముందే ఆ వీధి 'ఆర్టికల్ 4' (ప్లానింగ్ మినహాయింపుల్ని తీసేసే కౌన్సిల్ ఆదేశం) కిందికి వస్తుందేమో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. రాకపోతే సీ3ని సీ4గా మార్చడానికి ప్లానింగ్ అప్లికేషనే అక్కర్లేదు. 2010 అక్టోబర్ నుంచి ఇదే పద్ధతి.

4. మాంచెస్టర్, నాటింగ్‌హామ్, పోర్ట్స్‌మత్‌లలో, 2020 జూన్ నుంచి బర్మింగ్‌హామ్‌లో కూడా ఊరంతటికీ ఆర్టికల్ 4 ఉంది. అక్కడ ముగ్గురు పిల్లల్ని పెట్టాలన్నా పర్మిషన్ కావాలి కాబట్టి, ఆ ఖర్చు కూడా కలుపుకొనే బేరమాడండి.

5. చుట్టుపక్కల ఇప్పటికే ఎన్ని హెచ్‌ఎంఓలు ఉన్నాయో కౌన్సిల్ రిజిస్టర్‌లో లెక్కపెట్టండి. బర్మింగ్‌హామ్‌లో 100 మీటర్ల చుట్టూ, పోర్ట్స్‌మత్‌లో 50 మీటర్ల చుట్టూ 10 శాతం దాటితే పర్మిషన్ రావడం కష్టం. అలాంటి ఇంటిని వదిలేస్తే అప్లికేషన్ ఫీజు మిగిలినట్టే.

6. ఇల్లు మీ పేరు మీదికి రాకముందే పర్మిషన్‌కి అప్లై చేయొచ్చు, ఓనరుకి నోటీసు ఇస్తే చాలు. పర్మిషన్ వస్తేనే కొంటామని సొలిసిటర్‌తో ఒప్పందంలో రాయించుకోండి, డబ్బు ఇరుక్కోదు.

7. "ఇది ఎప్పట్నుంచో హెచ్‌ఎంఓనే" అని ఏజెంట్ చెబితే 'లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్' (ఆ వాడకం చట్టబద్ధమేనని కౌన్సిల్ ఇచ్చే కాగితం) చూపించమనండి. అది లేకపోతే, ఆర్టికల్ 4 రాకముందు నుంచి ఇప్పటిదాకా అద్దెకున్నవాళ్ల అగ్రిమెంట్లన్నీ కొనేముందే తీసుకోండి. తర్వాత ఓనరు దొరకడు.

8. ఆర్టికల్ 4 లేని చోట కూడా, పని మొదలెట్టకముందే ఆ సర్టిఫికెట్ తీసుకోండి. మామూలు అప్లికేషన్ ఫీజులో సగానికే వస్తుంది, రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఎవరూ ప్రశ్న వేయరు.

9. పర్మిషన్ అడిగేటప్పుడు 'సీ3 లేదా సీ4' రెండింటికీ కలిపి అడగండి. వస్తే పదేళ్లపాటు ఒకసారి కుటుంబానికి, ఒకసారి స్టూడెంట్లకు మార్చి మార్చి ఇవ్వొచ్చు. ప్రతిసారీ కొత్త అప్లికేషన్ అక్కర్లేదు.

10. ప్లానింగ్ వేరు, లైసెన్స్ వేరు. ఒకటి వచ్చిందని రెండోది మర్చిపోకండి. వేర్వేరు కుటుంబాలవాళ్లు ఐదుగురు లేదా అంతకు మించి ఉంటే, 2018 అక్టోబర్ నుంచి ఇల్లు ఎన్ని అంతస్తులదైనా లైసెన్స్ తప్పనిసరి. కొన్ని కౌన్సిళ్లు ముగ్గురికే అడుగుతాయి. లైసెన్స్ లేకపోతే వసూలు చేసిన అద్దె వెనక్కి కట్టాల్సి రావచ్చు.

11. ఇల్లు చూడ్డానికి వెళ్తే చేతిలో టేపు ఉండాలి. పడగ్గది ఒక్కరికి 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికి 10.22 ఉండాలి; సీలింగ్ ఎత్తు 1.5 మీటర్ల లోపు ఉన్న చోటు లెక్కలోకి రాదు కాబట్టి అటక గదిని జాగ్రత్తగా కొలవండి.

12. ప్లాన్ గీయించేటప్పుడే చెత్తడబ్బాలు ఎక్కడ పెడతారో, సైకిళ్లు ఎక్కడ ఉంచుతారో చూపించండి. ఆఫీసర్ మళ్లీ అడిగి, మీరు మళ్లీ గీయించే పని తప్పుతుంది.

13. కౌన్సిల్ ప్లానింగ్ నోటీసు అంటించకముందే పక్కింటివాళ్లతో ఓ మాట చెప్పండి. అభ్యంతరం చెప్పడానికి వాళ్లకు 21 రోజులు టైముంటుంది; చెత్త, పార్కింగ్ సంగతి మీరే ముందు తేలిస్తే చాలామంది కాగితం పెట్టరు.

14. మామూలుగా కౌన్సిల్ నిర్ణయానికి ఎనిమిది వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. కాలేజీలు సెప్టెంబర్‌లో తెరుస్తారు కాబట్టి శీతాకాలంలోనే కాగితాలు పెట్టేయండి, ఇల్లు ఖాళీగా ఉండదు.

15. ఇంట్లో ఉన్నవాళ్లంతా ఫుల్‌టైమ్ స్టూడెంట్లయితే కౌన్సిల్ ట్యాక్స్ ఉండదు. ఒక్కరు చదువు మానేసి ఉద్యోగంలో చేరినా బిల్లు రావచ్చు. అందుకే అందరి దగ్గరా యూనివర్సిటీ లెటర్లు తీసుకోండి.

16. మార్ట్‌గేజ్ వాళ్లకు, ఇన్సూరెన్స్ వాళ్లకు ఇల్లు హెచ్‌ఎంఓగా అద్దెకిస్తున్నామని ముందే చెప్పేయండి. దాచిపెడితే రేపు పైపు పగిలి ఇల్లు తడిసినప్పుడు క్లెయిమ్ ఇవ్వనంటారు.

17. పర్మిషన్ రాలేదా? ఎందుకు కాదన్నారో చదివి ఆఫీసర్‌తో మాట్లాడండి. అప్పటికీ కుదరకపోతే ఆరు నెలల్లోపు అప్పీల్ చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు.

18. ఇంత పెట్టుబడి ఇప్పుడే వద్దనుకుంటే సొంతింట్లోనే ఖాళీ గదులు ఇద్దరు పిల్లలకివ్వండి. మీరూ అక్కడే ఉంటే ఇద్దరిదాకా హెచ్‌ఎంఓ లెక్కలోకి రాదు, ఏడాదికి 7,500 పౌండ్ల వరకు ఆ అద్దె మీద ట్యాక్సూ ఉండదు. అనుభవం వచ్చాక పెద్ద ఇంటి సంగతి చూసుకోవచ్చు.