బాపుగారి గీత

బాలబాలికలారా! బొగ్గుముక్క చేతికి దొరికినచో గోడమీద బొమ్మ గీయని పిల్లవాడు అరుదు. మా శేరిగూడలో సున్నము వేసిన గోడ కనబడినచో చాలును. మఱునాటికి దానిపై ఏనుగో, ఎడ్లబండియో, మీసముల పోలీసో వెలయును. పెద్దలు చూచి, “చదువు మాని ఈ పిచ్చిగీతలేల?” అని కోపింతురు. అట్టి గీతనే జీవితవృత్తిగా గైకొని తెలుగువారికెల్ల ఆప్తులైన బాపుగారి చరిత్రమును తెలిసికొందము.

ఒక బొమ్మ ఒక క్షణమును చూపును. బొమ్మలను వరుసగా కూర్చినచో కథ నడచును. బెల్జియము దేశమున హెర్జే అను చిత్రకారుడు 1929లో టింటిన్ అను యువవిలేఖరి సాహసములను ఫ్రెంచి భాషలో ఇట్లే ప్రారంభించెను. నీడలతో పని లేని స్పష్టమైన గీత ఆయన పేరును లోకమంతట నిలిపెను. తెలుగునాట గీతకు అంతటి గౌరవమును తెచ్చినవారు బాపుగారు.

వీరి అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15వ తేదీన పశ్చిమగోదావరి జిల్లా నరసాపురములో జన్మించిరి. మద్రాసులో చదువుకొను దినములలోనే ముళ్లపూడి వెంకటరమణగారితో స్నేహము కుదిరెను. ఒకరిది కలము, ఒకరిది కుంచె. ఆ బాలుర కథయు బొమ్మయు 1945లో ‘బాల’ పత్రికకెక్కెను.

1955లో బాపుగారు మద్రాసు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. నల్లకోటు తొడిగినచో గౌరవమునకు, ఆదాయమునకు కొదవ యుండదు. బొమ్మలు కూడు పెట్టునా అని లోకము సందేహించు కాలమది. అయినను వారు న్యాయస్థానమునకు పోక, ఆ సంవత్సరముననే ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రకారులుగా చేరిరి. మఱుసటి యేట రమణగారు ‘బుడుగు’ను సృష్టించిరి. ఆ అల్లరి పిల్లవానికి మాటలు రమణగారివి, రూపము బాపుగారిది. బుడుగును, వాని నేస్తము సీగానపెసూనాంబను తెలుగువారు తమ యింటి పిల్లలుగనే తలచిరి.

ఆ గీతలోని రహస్యమేమి? బాపుగారి బొమ్మలో గీతలు కొద్ది. కనుబొమ యొకింత వంచినచో కోపము, తల యొకింత వాల్చినచో సిగ్గు తెలియును. కొద్ది గీతలతో చెప్పుటకు ఎంతయో చూడవలెను, ఏది వదలవలెనో ఎఱుగవలెను. వారు నేర్చుకొనుటకు వెనుదీయలేదు; తమిళ చిత్రకారులు గోపులుగారిని గురువుగా భావించిరి.

బొమ్మల కథ చెప్పు విద్యయే వారిని చలనచిత్రములకు కొనిపోయెను. 1967లో గోదావరి తీరమందలి పులిదిండి గ్రామమున ‘సాక్షి’ చిత్రమును తీసిరి. చిత్రీకరణమునకు ముందే ప్రతి దృశ్యమును చిన్న చిన్న గడులలో గీచికొనుట వారి అలవాటు. 1975 నాటి ‘ముత్యాలముగ్గు’ ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము పొందెను. చక్కని తెలుగు పడుచును ‘బాపు బొమ్మ’ యనుట మన భాషలో పలుకుబడి యయ్యెను. వారి చేతివ్రాత సైతము కంప్యూటరులో అక్షరరూపమును దాల్చి, శుభలేఖలపై నిలిచెను.

2011 ఫిబ్రవరిలో రమణగారు కన్నుమూసిరి. చిన్ననాటినుండి తోడున్న కలము ఆగెను. ఆ దుఃఖమును దిగమ్రింగి, ఆయన మాటలు వ్రాసిన ‘శ్రీరామరాజ్యము’ను బాపుగారు ఆ యేడే ప్రేక్షకులకు అందించిరి. 2013లో పద్మశ్రీ లభించెను. 2014 ఆగస్టు 31వ తేదీన వారు చెన్నైలో పరమపదించిరి.

విద్యార్థులారా! బాపుగారు చదువు మాని బొమ్మలు గీయలేదు. చదువు ముగించి, తన కిష్టమైన పనిని చదువువలెనే శ్రద్ధతో సాధించిరి. గోడలు పాడుచేయక కాగితము తీసికొనుడు. ఇబ్రహీంపట్నము పెద్దచెరువు కట్టపై కూర్చుండి చూడుడు. కట్టను, నీటిని, ఎగురు కొంగను ఎన్ని గీతలలో చూపగలరు? గీచిన పిమ్మట, తీసివేయదగిన గీత యొకటి గలదేమో వెదకుడు. అదియే మొదటి పాఠము.

ప్రశ్నలు

1. బాపుగారు 1955లో ఏ రెండు మార్గముల నడుమ నిలిచిరి? వారి నిర్ణయమును గూర్చి మీ అభిప్రాయమేమి?
2. ‘కొద్ది గీతలతో చెప్పుటకు ఎంతయో చూడవలెను’ — వివరింపుడు.
3. బొమ్మల కథ చెప్పు విద్య చలనచిత్రములు తీయుటలో బాపుగారికెట్లు ఉపకరించెను?