గోడమీది కావలివాడు

ప్రభువైన యేసుక్రీస్తునందు ప్రియ చిరంజీవికి ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా:

వాక్యపరిచర్యకు సిద్ధపడే ప్రతి విద్యార్థి మనసులోనూ ఒక సందేహం మెదులుతుంది. పొరుగువాడి నమ్మకం పొరుగువాడిది, తన నమ్మకం తనది అని ఊరుకుంటే స్నేహమూ మర్యాదా నిలుస్తాయి గదా, అడగనివాడికి రక్షణ మాట చెప్పబోవడం, పైగా తీర్పును గురించి హెచ్చరించడం ఎంతవరకు తగునని తటపటాయింపు కలుగుతుంది. ఈ సందేహాన్ని పిరికితనమని కొట్టిపారేయకూడదు, ఎందుకంటే ఎదుటివాడి మనసు నొప్పించకూడదన్న సంస్కారం కూడా అందులో ఉంది. ఆ సంస్కారాన్ని పోగొట్టుకోకుండానే నోరు తెరవడం ఎలాగో లేఖనం నేర్పుతుంది. ఆ పాఠానికి మూలం యెహెజ్కేలు గ్రంథం 3, 33 అధ్యాయాలలో ఉన్న కావలివాడి పోలిక.

యెహెజ్కేలు యాజక కుటుంబంలో పుట్టినవాడు. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకొని, యెహోయాకీను రాజుతోపాటు పెద్దలను, పనివారిని చెరపట్టి తీసుకుపోయినప్పుడు ఆ గుంపులో ఆయన కూడా ఉన్నాడు. కెబారు నది అని గ్రంథం పిలిచే కాలువ దగ్గర, తేలాబీబు అనే చోట చెరవారు కాపురం పెట్టారు. చెరలోని అయిదవ ఏట, అంటే సుమారు క్రీ.పూ. 593లో, అక్కడే ఆయనకు ప్రవక్తగా పిలుపు వచ్చింది. స్వస్థలంలో గుడి చూసుకుంటూ బతకవలసినవాడు పరాయి నేలమీద కావలివాడయ్యాడు.

కావలివాడు అనే మాటకు హెబ్రీ మూలం ‘త్సోఫె’. దూరానికి చూపు సారించి కనిపెట్టుకొని ఉండేవాడని దాని అర్థం. ఆనాటి పట్టణాలకు ప్రాకారాలు ఉండేవి. బయట పొలాల్లో పనిచేసుకునేవారు పగవాడి దండు మీదపడేలోగా లోపలికి చేరాలి గనుక, ఊరివారు తమలో ఒకణ్ణి ఎన్నుకొని ప్రాకారం మీద నిలిపేవారు. అపాయం కనబడగానే అతడు బాకా ఊదాలి. బాకా శబ్దం విని కూడా జాగ్రత్తపడనివాడు తన ప్రాణానికి తానే ఉత్తరవాది. కావలివాడు దండును చూసి కూడా బాకా ఊదకపోతే, చనిపోయినవాడు తన దోషాన్నిబట్టే చనిపోయినా, అతడి రక్తాన్ని గురించిన విచారణ కావలివాడి మీదికి వస్తుందని ప్రభువు సెలవిస్తాడు. రక్తాన్ని గురించి విచారించడమంటే, ఒకడి ప్రాణనష్టానికి మరొకణ్ణి జవాబు చెప్పమని అడగడం.

ఈ పోలికను జాగ్రత్తగా చదివితే కావలివాడి పనికి ఒక హద్దు కనిపిస్తుంది. బాకా ఊదడం అతడి వంతు, విన్నాక ఏం చేయాలో నిర్ణయించుకోవడం విన్నవాడి వంతు. ఎవరినీ చెయ్యిపట్టి ఈడ్చుకొచ్చే అధికారం అతడికి లేదు. ఎంతమంది లోపలికి వచ్చారన్న లెక్కనుబట్టి అతడి నమ్మకత్వాన్ని కొలవరు. అదే సమయంలో, ఎవరూ వినరని ముందే తేల్చుకొని బాకా కింద పెట్టే స్వేచ్ఛ కూడా అతడికి లేదు. చిరంజీవి మరచిపోకూడని సంగతి మరొకటి ఉంది. కావలివాడు గోడమీద నిలిచినవాడే కాని గోడ అవతలివాడు కాడు. అతడి ఇల్లూ పిల్లలూ ఆ ఊళ్ళోనే ఉన్నారు, ఊరు కాలితే అతడి కొంప కూడా కాలుతుంది. అందుచేత హెచ్చరించేవాడు తాను పాపం లేనివాడినన్నట్టు పైనుంచి మాట్లాడితే, ఆ మాట కావలివాడి మాట కాకుండా పోతుంది. దుష్టుడు చావడం దేవునికి సంతోషం కాదని, అతడు తన మార్గం విడిచి బతకడమే ఆయన కోరికని 33వ అధ్యాయం స్పష్టం చేస్తుంది. పంపినవాడి మనసులో లేని కాఠిన్యం పంపబడినవాడి గొంతులో ఉండకూడదు.

‘హెచ్చరిక’ అనే తెలుగు మాటలోనే ఈ సత్యానికి ఒక ఆధారం దొరుకుతుంది. నేటి వాడుకలో ఆ మాట వినగానే అపాయమే గుర్తుకు వస్తుంది. పూర్వం మాత్రం, రాజు కొలువుకు వేంచేసేటప్పుడు జనం సావధానులు కావాలని పలికే పలుకును, ఆ తీరులో దేవుణ్ణి ఉద్దేశించి పాడే పాటను కూడా హెచ్చరిక అనేవారు. అంటే ఆ మాటలో ముప్పు రాకతోపాటు ప్రభువు రాక కూడా ఉంది. క్రైస్తవ సాక్ష్యంలో ఈ రెండూ విడదీయరానివి. బాప్తిస్మమిచ్చే యోహాను మారుమనస్సు పొందమని గద్దించింది పరలోకరాజ్యం దగ్గరపడిందని చెప్పడానికే. మారుమనస్సు అంటే జరిగినదానికి నొచ్చుకొని ఊరుకోవడం కాదు, మనసు తిరిగి నడక మారడం. తీర్పును మాత్రమే చెప్పేవాడు సగం హెచ్చరికతో భయపెడతాడు, కృపను మాత్రమే చెప్పేవాడు మిగతా సగంతో నిద్రపుచ్చుతాడు. సువార్త అంటే మంచి వార్త. ఏ చెడుగు నుంచి విడుదల కలిగిందో చెప్పకపోతే అది ఎందుకు మంచిదో విన్నవాడికి బోధపడదు.

ఇక హెచ్చరించే పద్ధతి. యెహెజ్కేలుకు పిలుపు వచ్చిన వెంటనే జరిగిన దానిని చాలామంది చదివి దాటిపోతారు. ఆయన తేలాబీబులోని చెరవారి దగ్గరికి వెళ్ళి, ఏమీ మాట్లాడకుండా, వారి మధ్య ఏడు దినాలు కూర్చున్నాడు. ఆ ఏడు దినాలు గడిచాకే కావలివాడిగా నియమించే వాక్కు ఆయనకు వచ్చింది. యోబు స్నేహితులు కూడా అతడి దుఃఖం చూసి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేలమీద మౌనంగా కూర్చున్నారు. వారు పొరపాటు చేసింది నోరు తెరిచాకే. వినేవాడి ఇంట్లో ఏ బాధ ఉందో, ఏ అప్పు ఉందో, ఏ చావు జరిగిందో తెలుసుకోకుండా అతడి ఆత్మను గురించి మాట్లాడబోయేవాడు రోగి నాడి పట్టకుండా మందు ఇచ్చే వైద్యుడితో సమానం. నాతాను ప్రవక్త దావీదును గద్దించిన తీరు ఇందుకు మంచి పాఠం. రాజు ఘోరమైన పాపం చేశాడని తెలిసీ ఆయన నిందతో మొదలుపెట్టలేదు. ఒక పేదవాడు బిడ్డలా పెంచుకున్న ఆడ గొర్రెపిల్లను ఒక ధనికుడు లాక్కున్న కథ చెప్పి, రాజులోని న్యాయబుద్ధిని ముందు మేల్కొలిపి, తీర్పు రాజు నోటనే పలికించి, అప్పుడు ఆ దోషి ఎవరో సూటిగా చెప్పాడు. నేర్పు ఉన్నందువల్ల సూటిదనం తగ్గలేదు, సూటిదనం ఉన్నందువల్ల ప్రేమా తగ్గలేదు.

ధైర్యం అనే మాటను కూడా ఇక్కడ విడమరచి చెప్పుకోవాలి. కొత్త నిబంధనలో ఈ భావానికి తరచుగా కనిపించే గ్రీకు పదం ‘పర్రేసియా’. అన్నిటినీ దాపరికం లేకుండా పలకడమని దాని మూలార్థం. ఏథెన్సు నగరంలో పౌరులు సభలో బెరుకు లేకుండా మాట్లాడే స్వేచ్ఛకు అది పేరు. కాబట్టి లేఖనం చెప్పే ధైర్యం గొంతు పెంచడంలోనో, వాదంలో ఎదుటివాణ్ణి పడగొట్టడంలోనో లేదు. తనకు తెలిసిన సత్యాన్ని తన పరువు పోతుందేమోనన్న లెక్క వేసుకోకుండా తేటగా చెప్పడంలో ఉంది. పేతురు, యోహాను మహాసభ ఎదుట నిలిచినప్పుడు సభికులను ఆశ్చర్యపరిచింది ఈ గుణమే, ఎందుకంటే ఆ ఇద్దరూ చదువు లేని పామరులని వారికి తెలుసు. విడుదలై వచ్చిన తరువాత సంఘం ఏకమనసుతో చేసిన ప్రార్థనలో బెదిరింపులు ఆగిపోవాలన్న కోరిక లేదు, ఇంకా ధైర్యంగా వాక్యం చెప్పే శక్తి కావాలన్న కోరిక ఉంది. చెరసాలలో సంకెళ్ళతో ఉన్న పౌలు కూడా, ధైర్యంగా మాట్లాడే కృప కోసం ప్రార్థించమని ఎఫెసువారిని వేడుకున్నాడు. అంతటి అపొస్తలుడే ఇతరుల ప్రార్థన అడిగాడంటే, ధైర్యం కొందరికి పుట్టుకతో వచ్చే స్వభావం కాదని, అడిగి పొందవలసిన వరమని తేలుతుంది. బెరుకు స్వభావం ఉన్నందుకు చిరంజీవి నిరాశ చెందనక్కరలేదు; పౌలు లేఖలు అందుకున్న తిమోతికి కూడా పిరికితనం విడిచిపెట్టమని చెప్పవలసి వచ్చింది.

తెలుగు నేలమీద ఈ బాధ్యత ఎలా నెరవేరిందో తెలుసుకోవడం కూడా అవసరం. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం చేసినవాడు, క్రీస్తును ఎరుగకముందే గురువుల దగ్గర యోగమార్గంలో సత్యాన్ని వెదికినవాడు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ ద్వారా బాప్తిస్మం పొందాక, ఆయన సువార్తను మోసుకుపోయింది ముఖ్యంగా తనవారి మధ్యకే. చుట్టరికాల దారుల్లో, పనిపాటల మధ్య, పల్లె పల్లెకూ ఆ మాట నడిచింది. ఊళ్ళో చాటింపు అంటే డప్పు కొట్టి ఇతరుల ఆజ్ఞను వినిపించడంగా ఉన్న కాలంలో, ఆ డప్పు పట్టిన కులంవారు తమ బతుకును మార్చిన వార్తను తామే చాటారు.

ఆ చరిత్రలోనే సాక్ష్యపు నిజాయితీని గురించిన పాఠం కూడా ఉంది. 1876–78 నాటి మహాకరువులో జనం ఆకలితో అల్లాడినప్పుడు, 1866లో ఒంగోలుకు వచ్చిన ఆ మిషన్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి పని కల్పించాడు. బోధకులు అక్కడ పని చూసుకుంటూ, విశ్రాంతి వేళల్లో కూలీల మధ్య కూర్చొని, వారి కష్టం విని, క్రీస్తును గురించి చెప్పారు. ఎందరో బాప్తిస్మం కోరినా, గింజల ఆశతో వచ్చారన్న మాట రాకూడదని, వచ్చినవారి మనసు పరీక్షకు నిలవాలని, ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం పంచడం ముగిశాక కూడా జనం తిరిగిపోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది దగ్గర వెలంపల్లిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఖ్య పెద్దదే కాని, దానికి విలువ ఇచ్చింది అంతకుముందు ఓర్చుకున్న నిరీక్షణ.

ఆ తరువాతి తరంలో, తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకల్ పరిచర్యకు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. కొత్తగా బాప్తిస్మం పొందినవారు తమ చేతిని తమ తలమీద పెట్టుకొని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పౌలు కొరింథీయులకు రాసిన భావాన్ని పలికే ఆచారాన్ని ఆయన నెలకొల్పాడు. అక్షరం రాని వ్యవసాయ కూలీ కూడా ఆ పూటే సాక్షి అయ్యాడు. సాక్షి అంటే తాను చూసినది, ఎరిగినది చెప్పేవాడు. న్యాయస్థానంలో వాదించేవాడు వేరు, సాక్ష్యమిచ్చేవాడు వేరు. చదువు తక్కువవాడు మంచి వాది కాలేకపోవచ్చు, మంచి సాక్షి కావడానికి అతడికి అడ్డు ఏమీ లేదు.

దేశ చట్టాన్ని ఎరిగి ఉండడం కూడా సాక్షి వివేకంలో భాగమే. రాజ్యాంగంలోని 25వ అధికరణం ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యాలకు లోబడి ప్రతి వ్యక్తికీ తన మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును ఇచ్చింది. స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు 1977లో ఇచ్చిన తీర్పు ప్రకారం, ప్రచారమంటే తన మతసిద్ధాంతాలను వివరించి వ్యాప్తి చేయడం. ఇతరులను మతం మార్చే హక్కు అందులో లేదు. ఆ తీర్పు మీద క్రైస్తవులలో చర్చ ఉన్నా, బలవంతానికీ ప్రలోభానికీ చోటు లేదన్నది కావలివాడి పోలికే ఎప్పుడో చెప్పిన మాట. మనిషి మనసు తిప్పడం దేవుని ఆత్మ పని. అన్నం ఎర చూపేవాడు, రోగి నిస్సహాయతను వాడుకునేవాడు, పొరుగువారి దేవతలను దూషించేవాడు బాకా ఊదడం లేదు, తానే దండై ఊరిమీద పడుతున్నాడు. నిరీక్షణకు కారణం అడిగిన ప్రతివాడికీ సాత్వికంతో, గౌరవంతో జవాబు చెప్పమని పేతురు రాసినది ధైర్యానికి మినహాయింపుగా కాదు, ధైర్యం నడవవలసిన తీరుగా.

బాకా మొదట వినవలసింది ఊదేవాడి చెవులే. తన ఇంట్లో అబద్ధాన్ని, కట్నపు ఆశను, కులపు గర్వాన్ని దాచుకొని బజారులో మారుమనస్సును బోధించేవాడి మాటను ఊరు లెక్కచేయదు, లెక్కచేయకపోవడంలో తప్పూ లేదు. పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను మిలేతుకు పిలిపించి వీడ్కోలు చెప్పినప్పుడు, అందరి రక్తం విషయంలో తాను నిర్దోషినని ప్రకటించడంలో కావలివాడి పోలికే ధ్వనిస్తుంది. ఆ మాటకు అతడు చూపిన ఆధారం తన వాక్చాతుర్యం కాదు. మూడేళ్ళపాటు రాత్రింబగళ్ళు కన్నీటితో ఒక్కొక్కరికి బుద్ధి చెప్పడం, ఎవరి వెండినీ బంగారాన్నీ ఆశించక చేతులతో పనిచేసుకొని బతకడం. కన్నీరు లేని హెచ్చరికకు తొందరపడవద్దని, కన్నీరు వచ్చాక మౌనం వహించవద్దని చిరంజీవి ఇక్కడ నేర్చుకోవాలి.

చివరగా, యెహెజ్కేలు కథ హెచ్చరికతో ముగియదు. కావలివాడి పోలిక ఉన్న 33వ అధ్యాయంలోనే, తప్పించుకొని వచ్చిన ఒకడు యెరూషలేము కూలిపోయిందన్న వార్త తెస్తాడు. అప్పటివరకు ఆయన మాటను పాటలా విని మరచిపోయినవారి ఎదుట, ముందే చెప్పానని దెప్పడానికి ప్రవక్తకు అంతకన్నా మంచి అవకాశం లేదు. అయితే ఆ తరువాతి అధ్యాయాలలో వినిపించేది దెప్పిపొడుపు కాదు. తప్పిపోయిన గొర్రెలను దేవుడే వెదకి తెస్తాడని, రాతిగుండె తీసి మాంసపు గుండె ఇస్తాడని, ఎండిన ఎముకలు లేచి నిలబడతాయని అదే నోరు పలికింది. మాట్లాడకముందు ఏడు దినాలు వారితో కూర్చున్నవాడు, మాట వినక చెడినవారిని విడిచిపోకుండా వారితోనే ఉండిపోయాడు. అందుచేత ఎవరినైనా హెచ్చరించడానికి బయలుదేరే ముందు చిరంజీవి తన మనసును ఒక్క ప్రశ్న అడగాలి: ఆ మనిషి ఈ మాట వినకపోతే, రేపు అతడి ఇల్లు కూలిన రోజున, ఓదార్చడానికి ఆ గుమ్మంలో నిలిచే ప్రేమ ఉందా? ఉంటే, ఇక ఆలస్యం చేయకుండా బాకా ఎత్తవచ్చు.

ప్రభువు కృప చిరంజీవికి తోడై ఉండునుగాక.