ఆశ్వాసనము - భయార్తులకు ఊపిరి నొసగు సేవ

శ్రీమద్భగవద్గీతను నిత్యము పారాయణము చేయువారు సైతము ప్రథమాధ్యాయమును త్వరత్వరగా దాటిపోవుట కలదు. అది ఉపదేశమునకు పీఠిక మాత్రమే యని వారి తలంపు. పాఠశాలలో పెక్కు సంవత్సరములు పాఠము చెప్పిన నేనును అట్లే దాటిపోయినవాడనే. మా యింట జరిగిన యొక సంఘటన నన్ను ఆ యధ్యాయమునకు మరల కొనిపోయినది.

అందు అర్జునుని స్థితి యెట్లు వర్ణింపబడినదో ఒక్కసారి స్మరింపుడు. అవయవములు పట్టుదప్పినవి. నోరెండినది. మేను వణకినది. రోమములు నిక్కబొడుచుకొన్నవి. గాండీవము చేజారినది. చర్మము మండినది. నిలువ శక్తి లేకపోయినది. మనస్సు గిరగిర తిరిగినది. ఇతడు పిరికివాడా? నివాతకవచులను గెలిచిన మహావీరుడు. భక్తి లేనివాడా? సాక్షాత్తు భగవానుడే అతని రథమును నడపుచున్నాడు. అట్టివానికిని దేహము వశము తప్పినది. ఇది మనము మరువరాని విషయము.

గత సంవత్సరము మా కుమార్తెతోను, అల్లునితోను కలిసి ఒక దివ్యక్షేత్రమునకు దర్శనార్థము పోయితిమి. క్యూలో నిలిచి రెండు గంటలైనది. ముందు వెనుకల జనము క్రిక్కిరిసి యున్నారు. అకస్మాత్తుగా మా అమ్మాయి గుండెపై చేయి వేసికొని, "నాన్నగారూ, నాకు ఊపిరాడటం లేదు, చచ్చిపోతానేమో" అన్నది. ముఖమంతయు చెమటలు పట్టినవి. వ్రేళ్లు వణకుచున్నవి. నేనేమి చేసితినో చెప్పుటకు నేటికిని సిగ్గగుచున్నది. "స్వామి సన్నిధికి వచ్చి భయమేమిటమ్మా? విశ్వాసము లేదా? నామము చెప్పు, నామము చెప్పు" అని గద్దించితిని. నేను గద్దించిన కొలదియు ఆమె వణకు హెచ్చినది.

మా అల్లుడు నన్ను మెల్లగా ప్రక్కకు జరిపినాడు. చుట్టును మూగినవారిని కొంచెము దూరముగా నిలువుడని వేడుకొని, ఆమెను గోడవారగా కూర్చుండబెట్టి, తానును ఎదుట నేలపై కూర్చున్నాడు. "నేను ఇక్కడే ఉన్నాను. ఇదివరకు వచ్చిందే ఇది. కాసేపట్లో తగ్గిపోతుంది. చేయి పట్టుకోనా?" అని అడిగినాడు. ఆమె తల యూపినది. తరువాత అతడేమియు మాటలాడలేదు. తాను నెమ్మదిగా ఊపిరి తీసి, అంతకంటె నెమ్మదిగా విడుచుచుండెను. ఆమెయు కొంతసేపటికి ఆ లయను అందుకొన్నది. సుమారు పావుగంటలో తేరుకొన్నది.

అంతకుముందు రెండుమార్లు ఇట్లే జరిగినదనియు, వైద్యులు గుండెను పరీక్షించి లోపము లేదని చెప్పిరనియు, దీనిని పానిక్ ఎటాక్ అందురనియు నాకు ఆ రాత్రి తెలిసినది. నాతో ఏల చెప్పలేదని అడిగితిని. "భక్తి చాలదంటారేమోనని భయపడ్డాను నాన్నగారూ" అన్నది. ఆ మాట నాకు ములుకువలె నాటినది.

పిదప వైద్యులను అడిగి తెలిసికొన్న విషయములను మన కుటుంబముల హితార్థము వ్రాయుచున్నాను. ప్రమాదము నెదుర్కొనుటకై భగవంతుడు దేహమున నొక రక్షణయంత్రమును అమర్చినాడు. పులి యెదుట పడినచో అడ్రినలిన్ అను ద్రవ్యము రక్తమున చేరి గుండెను వేగిరపరచును, ఊపిరిని త్వరపరచును, కండరములను బిగించును. పులి లేకుండగనే ఆ యంత్రము కదలినచో అదియే ఈ ఆకస్మిక భయోద్వేగము. అర్జునుని వ్యథకు స్పష్టమైన హేతువు కలదు. ఇచ్చట పలుమారు హేతువే కానరాదు. ఊపిరి మితిమీరి వేగముగా తీయుటచే రక్తమున బొగ్గుపులుసు వాయువు తగ్గి, తల తిరుగుట, వ్రేళ్లు తిమ్మిరెక్కుట కలుగును. వానిని చూచి రోగి మరింత భయపడును. భయము లక్షణమును, లక్షణము భయమును పెంచుచు చక్రము తిరుగును. సాధారణముగా పది నిమిషములలో ఇది శిఖరము నంది, తరువాత తనంతట తానే దిగును. బాధ మాత్రము కల్పితము కాదు. అనుభవించువానికి అది మరణయాతనతో సమానమే.

అట్టి సమయమున ప్రక్కనున్నవారు చేయదగిన దేమి? మొదట తాము తొందరపడరాదు. విడిచి పోరాదు. మాటలు కొద్దిగా, స్పష్టముగా, మెల్లగా పలుకవలెను. "ఏమీ లేదు, ఊరకే భయపడుచున్నావు" అనరాదు, ఏలయన వానికి ఏదో కలదు. "ఇది తగ్గిపోవును, అంతవరకు నేనుందును" అనవచ్చును. అడుగక తాకరాదు. ఊపిరిని బంధింపుమనరాదు. ప్రాణాయామము తెలిసినవారైనను అది కుంభకమునకు సమయము కాదు. నిశ్వాసము ఉచ్ఛ్వాసముకంటె దీర్ఘముగా నుండునట్లు మనము చేసి చూపిన చాలును. కాగితపు సంచిలో ఊపిరి పీల్పించు పాత పద్ధతిని నేటి వైద్యులు అంగీకరింపరు.

ఒక హెచ్చరిక. మొదటిసారి ఇట్టిది కలిగినపుడు ఇది భయమే యని మనమే నిర్ణయింపరాదు. గుండెజబ్బు, ఉబ్బసము, థైరాయిడ్ దోషము మున్నగునవియు ఇట్లే కనిపింపవచ్చును. రొమ్ములో నొప్పి తగ్గకున్నను, చేతికో దవడకో ప్రాకినను, స్పృహ తప్పినను వెంటనే 108కి ఫోను చేయవలెను.

ఇక గీతకు మరలుదము. ద్వితీయాధ్యాయారంభమున భగవానుడు అర్జునుని కఠినముగానే హెచ్చరించినాడు. నాటి నా గద్దింపునకు అదియే ప్రమాణమని మొదట నన్ను నేను సమర్థించుకొంటిని. కాని తరువాతి కథను చూడవలదా? అర్జునుడు ఆ మాటకు లేవలేదు. తన గోడును మరల చెప్పుకొన్నాడు. భగవానుడు ఆసాంతము విన్నాడు. అతడు శిష్యుడనై శరణు జొచ్చితి నన్న పిమ్మట చిరునవ్వుతో ఉపదేశ మారంభించినాడు. ఏకాదశాధ్యాయమున విశ్వరూపమును గాంచి అర్జునుడు మరల గడగడ వణకినపుడో, స్వామి ఆ రూపము నుపసంహరించి, సౌమ్యరూపముతో ఎదుట నిలిచి అతనిని ఆశ్వాసించినాడని సంజయుడు చెప్పుచున్నాడు. తన మనస్సు స్వస్థత నందినదని అర్జునుడే పలికినాడు.

ఈ ఆశ్వాసన శబ్దమును విచారింపుడు. శ్వస ధాతువునకు ఊపిరి తీయుట అర్థము. ఆఙ్ అను ఉపసర్గ చేరి, ప్రేరణార్థమున ఆశ్వాసన మైనది. ఊరడించుట యనగా ఎదుటివానిచే మరల ఊపిరి తీయించుట యన్నమాట. ఈ శబ్దమును నేను జీవితమంతయు బోధించితిని. దాని యర్థమును మా అల్లుడు క్యూలో నేలపై కూర్చుండి ఆచరించి చూపినాడు.

సేవ ఆ పావుగంటతో ముగియదు. ఒకసారి భయము కలిగిన చోటికి మరల పోవుటకు మనస్సు జంకును. బస్సు, పెండ్లి, దేవాలయము, ఒక్కొక్కటిగ విడుచుచు పోయినచో చివరకు ఇల్లే చెరసాల యగును. ప్రేమచే మనము వారి పనులన్నియు నెత్తిన వేసికొన్నచో భయమునకే బలము చేకూరును. బలవంతముగా త్రోయుటయు తగదు. తోడుండి అడుగడుగుగా నడిపింపవలెను. దీనికి మంచి చికిత్స కలదు. తలంపులను, అలవాట్లను క్రమముగా సరిదిద్దు చికిత్సయు, అవసరమైనచో మందులును మేలు చేయునని వైద్యులు నిశ్చయించి యున్నారు. వ్రతమనియు ఉపవాసమనియు వైద్యుని యడుగక ఆ మందులను మానరాదు. కాఫీ మితిమీరరాదు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును.

కడపట మా అమ్మాయి అడిగిన ప్రశ్న. "ఆ క్షణంలో నామం నాలుకకు రాలేదు నాన్నగారూ. స్వామి నన్ను వదిలేశాడా?" వరాహ చరమశ్లోకము ఎరిగిన శ్రీవైష్ణవులకు దీనికి సమాధానము తెలియును. స్వస్థుడై యున్నపుడు నన్ను తలచినవానిని, వాడు కట్టెవలె, రాతివలె పడియుండి తలపలేని యంత్యకాలమున నేనే తలతునని స్వామి భూదేవికి మాట యిచ్చినాడు. అంత్యకాలముననే మనలను మరువని స్వామి, నడుమ వచ్చిపోవు ఈ భయమున మరచునా? నామము నాలుకపై లేనంతమాత్రమున నామి దూరమైనట్లు కాదు. ఈ మాట నేను ఆ క్యూలోనే చెప్పవలసినది. గద్దింపుతో కాలము పుచ్చితిని.

ఈ సంవత్సరము మరల అదే క్షేత్రమునకు పోయితిమి. ఆమె చికిత్స పొందుచున్నది. క్యూ నడుమ ఒకమారు ఆమె ముఖము వెలవెలబోయినది. నేనేమియు ఉపదేశింపలేదు. "ఇక్కడే ఉన్నానమ్మా" అని ప్రక్కన నిలిచి నెమ్మదిగా ఊపిరి తీయుచుంటిని. కొంతసేపటికి ఆమెయే, "పదండి నాన్నగారూ, క్యూ కదిలింది" అన్నది.