కొత్త సాఫ్ట్‌వేరు సరుకు: మచ్చు చూపి అభిప్రాయం అడిగితే వర్తకుడు ఏం చెప్పాలి?

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు నుంచి నగర బజార్లకు ఒక కొత్త రకం సరుకు రాబడి ఇటీవల అధికంగా వున్నది. దీనికి గోనెసంచి లేదు, కాటా లేదు, గోదాము అద్దె లేదు. బిల్లులు వ్రాసేవి, బాకీలు గుర్తుచేసేవి, తక్‌పట్టీ వేసేవి, లారీ ఎంతదాకా వచ్చిందో చెప్పేవి - ఇవన్నీ ఫోనులోను, కంప్యూటరులోను పనిచేసే సాఫ్ట్‌వేరు. వీటిని తెచ్చేవారు పెద్ద కంపెనీల ప్రతినిధులు కారు. ఒంటరిగా గాని, ఇద్దరు ముగ్గురు కలిసి గాని, సొంత పొదుపు ఖర్చుపెట్టి తయారుచేసుకున్న యువతీ యువకులు. వీరు ముందుగా డబ్బు అడగరు. "ఒకసారి వాడి చూసి మీ అభిప్రాయం చెప్పండి" అంటారు.

మన వర్తకులలో చాలామంది టీ తెప్పించి, "బాగుంది బాబూ, చూద్దాం" అని పంపివేస్తున్నారు. ఇది మర్యాదే. కాని ఈ మర్యాదవల్ల వచ్చినవానికి జరుగుతున్న నష్టం చిన్నది కాదు. అడిగిన వెంటనే ఖాతాలన్నీ అప్పగించే వర్తకులు కూడా వున్నారు. వారికి జరగగల నష్టం ఇంకా పెద్దది. కనుక ఈ సరుకు బేరం ఎట్లా నడుస్తుందో తెలుసుకొనడం అవసరం.

సరుకు స్వభావం

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి హైటెక్ సిటీలో జరుగుతున్న వ్యాపారంలో అధిక భాగం ఆర్డరు మీద చేసే పని. విదేశీ ఖాతాదారు కోరినది కోరినట్లు వ్రాసి, పనిచేసిన గంటల లెక్కన బిల్లు వేస్తారు. రైసు మిల్లులో మర ఆడించినట్లే. ధాన్యం ఆసామిది, కూలి మిల్లుది. ధర పడిపోయినా మిల్లుకు వచ్చే కూలి వస్తుంది.

సొంతంగా పరికరం తయారుచేసేవాని స్థితి వేరు. అతడు బేరం కుదరక ముందే విత్తు వేసిన రైతు. పంట చేతికి వచ్చేదాకా కొనేవాడు వున్నాడో లేడో తెలియదు. పైగా ఈ పంటకు ఒక వింత లక్షణం వున్నది. మొదటి ప్రతి తయారుకావడానికి ఏడాది శ్రమ పట్టవచ్చు. వెయ్యో ప్రతికి ఖర్చు నామమాత్రం. సరుకు ఎన్నడూ తరగదు కనుక కొరతవల్ల తేజీ రాదు. కూలిన ఖర్చును బట్టి ధర కట్టే పద్ధతీ ఇక్కడ చెల్లదు. మరి ధర ఎక్కడినుంచి వస్తుంది? వాడినవానికి ఎంత పని కలిసివచ్చినదో అందులోనుంచి మాత్రమే వస్తుంది. ఆ సంగతి వాడినవాడే చెప్పాలి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత ప్రోగ్రాములు వ్రాయడంలో యంత్ర సహాయం విరివిగా దొరుకుతున్నది. చిన్న పరికరమైతే నెలల పని వారాలలో అవుతున్నది. ఫలితంగా రాబడి పెరిగింది, కొనుగోలుదారులు మాత్రం పాతవారే. ఇప్పుడు కొరతగా వున్నది సాఫ్ట్‌వేరు కాదు. తీరికగా కూర్చుని ఇది పనికివస్తుందో రాదో నిజం చెప్పే వర్తకుడు కొరత. మీ అభిప్రాయానికి బజారులో ధర పెరిగిందని దీని అర్థం. ఈ సంగతి అడ్తిదారులు ఇంకా గుర్తించినట్లు లేదు.

ఇట్టి ప్రయత్నాలకు తోడ్పడేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2015 నవంబరులో గచ్చిబౌలి ఐఐఐటీ ఆవరణలో టీ-హబ్‌ను నెలకొల్పింది. 2022 జూన్‌లో రాయదుర్గంలో దాని పెద్ద భవనం ప్రారంభమైంది. అక్కడ సలహాదారులు దొరుకుతారు, పెట్టుబడిదారులు దొరుకుతారు. ఉల్లిగడ్డ అడ్తిదారు దొరకడు. అందుకనే రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మలక్‌పేట గంజ్‌కు రావలసివస్తున్నది.

రెండు భాషలు

అసలు చిక్కు ఇక్కడే వున్నది. గంజ్‌లో మాట్లాడే భాష వేరు, మాదాపూర్‌లో మాట్లాడే భాష వేరు. రెండూ తెలుగే అయినా.

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీ విప్పి మచ్చు తీసినప్పుడు, కొనదలచినవాడు ఏం చేస్తాడు? రంగు తక్కువంటాడు, తేమ వున్నదంటాడు, తాలు కలిసిందంటాడు. గుప్పెడు తీసి మళ్లీ సంచిలో పడవేస్తాడు. కొనే ఉద్దేశం లేనివాడు "సరుకు నాణ్యంగా వున్నదే" అని ముందుకు సాగిపోతాడు. తప్పు పట్టేవాడే ఖరీదుదారు అని రైతుకు తెలుసు, దళారికి తెలుసు. పశువుల సంతలో తుండుగుడ్డ క్రింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకున్న జాతి మనది. మనసులోని మాట పైకి చెప్పడం మన వ్యాపారంలో ఆచారం కాదు.

కంప్యూటరు యువకునికి ఇది తెలియదు. "బాగుంది" అన్న పదిమంది పేర్లు పుస్తకంలో వ్రాసుకుంటాడు. వారు కొంటారని నమ్మి ఇంకొక ఆరు నెలలు పొదుపు ఖర్చుపెడతాడు. "ఇందులో హమాలీ ఎక్కడ? దడవాయి కూలి ఎక్కడ? తరుగు ఎవరు తీస్తారు? ఇది దేనికి పనికివస్తుందయ్యా?" అని కసిరినవానిని విరోధిగా లెక్కవేసి మళ్లీ ఆ దుకాణం గడప తొక్కడు. అతనికి దొరికిన ఒకే ఒక ఖరీదుదారు ఆ కసిరినవాడే! తలక్రిందులైన ఈ లెక్కవల్ల మంచి పరికరాలు కూడా మూలపడుతున్నవి. ఇందులో తప్పు ఇరుపక్షాలదీ కాదు. మధ్యన దళారి లేడు, అంతే. ఈ పనికి పూనుకునే దళారి ఎవరైనా బయలుదేరితే కమీషన్‌కు కొదువ వుండదని మా ఊహ.

ఉత్తుత్తి పాటలు

అభిప్రాయానికి కరువు ఎంతవరకు వచ్చిందనగా, దానికి దొంగ బజారు కూడా ఏర్పడింది. గూగుల్ వారి ప్లే స్టోరులో 2023 నవంబరు తరువాత కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవారు, తమ యాప్‌ను అందరికీ విడుదల చేసేముందు 20 మంది చేత ఎడతెగకుండా 14 రోజులు పరీక్ష చేయించాలని నిబంధన వచ్చింది. 2024 డిసెంబరులో ఈ సంఖ్యను 12కు తగ్గించారు. సరుకు బజారుకు రాకముందు నాణ్యత చూడాలన్న ఉద్దేశం మంచిదే. జరిగినది మాత్రం వేరు. స్నేహితులు, బంధువులు చాలక, నీ యాప్ నేను పెట్టుకుంటాను, నా యాప్ నీవు పెట్టుకో అనే మారకం మొదలైంది. డబ్బు తీసుకుని పరీక్షకులను సమకూర్చేవారు వచ్చారు. యాప్ పెట్టుకుంటారు, తెరవరు. వేలంలో ధర పెంచడానికి నిలబెట్టిన మనిషి పాట పాడినట్లు. ఆ పాటతో నిబంధన తీరుతుంది గాని సరుకు అమ్ముడుపోదు.

నిజమైన పాట ఎట్లా వుంటుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. 2005 దీపావళికి ఇంటికి రావడానికి బెంగుళూరులో బస్సు టికెట్టు దొరకని తెలంగాణ యువకుడు ఫణీంద్ర సామా, బిట్స్ పిలానీలో తనతో చదివిన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి బస్సు యజమానుల కోసం ఒక సాఫ్ట్‌వేరు వ్రాశాడు. సీట్ల లెక్క అంతా అందులో వుంటుంది. యజమానులు దానిపై ఆసక్తి చూపలేదు. అప్పుడు సాఫ్ట్‌వేరు మాట వదిలి, అమ్మిపెడతాం కొన్ని సీట్లు ఇవ్వండి అని అడిగారు. సీట్లు వచ్చాయి. 2006 ఆగస్టులో రెడ్‌బస్ అట్లా మొదలైంది. 2013లో ఇబిబో సంస్థ కొన్నది. సాఫ్ట్‌వేరుపై నోటిమాటగా చెప్పిన అభిప్రాయంకంటె చేతికి ఇచ్చిన నాలుగు సీట్లు ఎక్కువ సంగతి చెప్పాయి. యజమానికి లెక్కల బాధ లేదు, ఖాళీ సీటు బాధ వున్నది.

అడిగేవాడు, వాడేవాడు ఒకే ఇంటివాడైతే పని ఇంకా సులువు. టాలీ ఇట్లా పుట్టినదే. బెంగుళూరులో మిల్లులకు, ఫ్యాక్టరీలకు ముడిసరుకులు, యంత్ర భాగాలు సరఫరా చేసే శ్యామసుందర్ గోయెంకా తన లెక్కలకు తగిన సాఫ్ట్‌వేరు దొరకక కుమారుడు భరత్ చేత వ్రాయించారు. 1986లో సంస్థ ఏర్పడింది. ఖాతాలకు కోడు నంబర్లు లేకుండా, ఆవర్జాలో వ్రాసుకున్నట్లు పేర్లతోనే నడవడం దాని విశేషం. ఈనాటికీ మన గుమాస్తాలు టాలీని వదలకపోవడానికి అదొక కారణం. మన హైదరాబాదులోనే చూస్తే, మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి వచ్చిన సుధీర్ కోనేరు స్పా, సెలూన్ల వ్యాపారంలో పెట్టుబడి పెట్టి, వాటిని నడపడానికి సరైన సాఫ్ట్‌వేరు కనిపించక 2010లో తామే తయారుచేయించారు. మొదట మేనేజ్ మై స్పా అన్న పేరుతో వచ్చిన ఆ సంస్థే నేటి జెనోటి. 2020 డిసెంబరులో దాని విలువ 100 కోట్ల డాలర్లు దాటింది. కొండాపూర్ ఒంటరి యువకునికి మాత్రం తండ్రి వర్తకుడు కాదు, సొంత దుకాణమూ లేదు. అతడు మీ గడపకే రావాలి.

ఒక రోజు తక్‌పట్టీలు

కనుక అభిప్రాయం అడిగినప్పుడు బజారు భాష పక్కనపెట్టాలి. పరికరం చూసి చెప్పకండి. దానిలో పని చేసి చెప్పండి. నిన్నటి తక్‌పట్టీలు ఒక ఇరవై తీసి, గుమాస్తా చేత అందులో వేయించండి. చేతితో ఎంతసేపు పట్టింది, ఇందులో ఎంతసేపు పట్టింది, పైసలతో సహా మొత్తం కలిసిందా లేదా - ఈ మూడు సంగతులు చెబితే గంటసేపు ఉపన్యాసంకంటె మేలు.

తరువాత, మీకు ఏం కావాలో చెప్పడంకంటె మీరు ఇప్పుడు ఏం చేస్తున్నారో చెప్పండి. "రిపోర్టులు బాగా రావాలి" అంటే అతడు నలభై రకాల రిపోర్టులు చేసుకువస్తాడు, మీరు ఒక్కటీ తెరవరు. "సాయంత్రం ఆరు గంటలకు ఖరీదుదారుల బాకీలు తెల్లకాగితం మీద వ్రాసి, కుర్రవానికి ఇచ్చి పంపుతాను, వాడు తిరిగివచ్చేసరికి రెండు పేర్లు తప్పిపోతవి" అంటే అతనికి పని దొరుకుతుంది. రైతుకు నగదు ఇచ్చేటప్పుడు కొందరు తీసే కోత సంగతి కూడా అతడు వినివుండడు. అది మార్కెట్ నిబంధనలలో లేనిది గనుక, పరికరంలో దానికి గడి పెట్టమని అడగకపోవడమే మంచిది.

డబ్బు మాట. "దీనికి ఎంత ఇస్తారు?" అని అతడు అడుగుతాడు. అలవాటు కొద్దీ సగానికి సగం తగ్గించి చెబుతాం. అంతకంటె, పనికివస్తుందనుకుంటే ఒక నెల చందా అక్కడే ఇచ్చివేయండి, పనికిరాదనుకుంటే రూపాయి కూడా ఇవ్వనని ముఖాన చెప్పండి. అది కటువుగా తోచినా, ఆరు నెలల జీతం లేని బ్రతుకుకంటె కటువు కాదు. అతడు తిరిగి ఉద్యోగంలో చేరవచ్చు, లేదా వేరొక పరికరం మొదలుపెట్టవచ్చు.

ఖాతా అప్పగించేముందు

ఇక వర్తకుని క్షేమం. ఉచితంగా ఇస్తున్నాడు గదా అని బాకీదారుల జాబితా అంతా ఎక్కించడం తొందరపాటు. ఏ ఖరీదుదారుకు ఎన్ని రోజుల అరువు ఇస్తున్నారో, ఎవరికి ఏ ధర వేస్తున్నారో, అదే మీ వ్యాపార రహస్యం. ఆ యువకుడు మీ పక్క దుకాణంలో కూడా ఇదే పరీక్ష చేస్తుండవచ్చు. అప్పుడు రెండు ఆవర్జాలు ఒకే మనిషి చేతిలో వుంటవి. అతడు నిజాయితీపరుడే కావచ్చు. అయినా లెక్కలు ఎక్కడ నిలవచేస్తున్నాడు, ఎవరెవరు చూడగలరు అన్నది కాగితం మీద వ్రాయించుకొనడం ఉభయులకూ మర్యాద. పరీక్ష దశలో పేర్లు మార్చి వేసినా పరికరం పనితీరు తెలుస్తుంది.

రెండవది, మనిషి ఒక్కడు. అతనికి మంచి జీతంతో ఉద్యోగం వస్తే పరికరం ఆగిపోతుంది. మోసం లేకుండానే ఇట్లా జరుగుతుంది. అందువల్ల వారం వారం లెక్కలన్నీ ఎక్సెల్ పట్టీలుగా మన కంప్యూటరులోకి దించుకునే వీలు వున్నదా అని మొదటి రోజే అడగాలి. అడిగి వూరుకోక, దించి చూడాలి. దానిలో తేదీ, పేరు, బస్తాలు, తూకం, ధర విడివిడి గడులలో వచ్చినవా, లేక చూడటానికి మాత్రమే పనికివచ్చే బొమ్మగా వచ్చినదా? బొమ్మగా వస్తే వేరే సాఫ్ట్‌వేరులోకి ఎక్కించడం కుదరదు. మీ ఖాతా అతని పెట్టెలో తాళం పడినట్లే.

చట్టం సంగతి రెండు ముక్కలు. కంపెనీగా రిజిస్టరైన సంస్థలు 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కలకు వాడే సాఫ్ట్‌వేరులో, చేసిన ప్రతి మార్పు తేదీతో సహా నమోదు కావాలి. ఆ నమోదును ఆపివేసే వీలు వుండరాదు. భాగస్వామ్య సంస్థలకు ఈ నిబంధన లేదు. చిన్న డెవలపరు జీఎస్టీ బిల్లు ఇవ్వలేకపోవచ్చు; ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటని సేవలకు సాధారణంగా రిజిస్ట్రేషను అవసరం లేదు.

పరీక్షకు అదను కూడా చూసుకోవాలి. నిజామాబాదులో పసుపు, గుంటూరులో మిర్చి ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుమాస్తాకు తల ఎత్తే తీరిక వుండదు. అప్పుడు వచ్చినవానిని తిప్పి పంపడమే న్యాయం, కాని తారీఖు ఇచ్చి పంపాలి. మిర్చి యార్డుకు మే నెలలో వేసవి సెలవులు ఇస్తారు. ముగిసిన సీజను తక్‌పట్టీలు అన్నీ చేతిలో వుంటవి, మొత్తాలు తేలివుంటవి. పాత లెక్కలు కొత్త పరికరంలో వేసి, చిట్టాతో సరిపోల్చి చూడటానికి ఆ రెండు మూడు వారాలు చాలు.