తెర ఆరినా మాట ఆగకూడదు

యరగేర

మేనకోడలికి,

కర్నూలు నుంచి వచ్చి మా ఊరి యూనివర్సిటీలో మస్కి శాసనం మీద మాట్లాడబోతున్నావని అక్కయ్య చెప్పింది. చాలా సంతోషం. ప్రొజెక్టరు మొరాయిస్తే ఎలాగని దిగులుపడుతున్నావట. ఆ దిగులేదో ఇంట్లో ఉండగానే పడితే మంచిదే, స్టేజీ ఎక్కాక పడితేనే చిక్కు.

ముందు అక్షరాల సంగతి చూడు. తెలుగు, కన్నడ వాక్యాలు పాత అను, నుడి ఫాంట్లలో టైపు చేసి ఉంటే, ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చుకో. పెన్‌డ్రైవులో పీడీఎఫ్ కాపీ కూడా ఉంచుకో. నీ ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ, అక్కడి ప్రొజెక్టరుకు వీజీఏ మాత్రమే ఉంటే అడాప్టరు కావాలి. గంట ముందే వెళ్లి కలిపి చూసుకో. శాసనం ఫోటో నాలుగైదు కాగితాల మీద ప్రింటు తీయించు, అవసరమైతే సభలో చేతులు మారతాయి.

1,720 మెగావాట్ల శక్తినగర్ థర్మల్ కేంద్రం ఈ జిల్లాలోనే ఉన్నా, కరెంటు పోదని ఎవరూ పూచీ పడరు. అది తిరిగి వచ్చినా బల్బు ప్రొజెక్టరు వెంటనే వెలగదు. వేడెక్కిన బల్బు చల్లారాలి, దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. బటన్ ఎంత నొక్కినా లాభం లేదు. నీకు అసలు పరీక్ష అప్పుడే.

2015లో శాన్‌ఫ్రాన్సిస్కో డ్రీమ్‌ఫోర్స్ సభలో ఇలాంటి పరీక్ష మన హైదరాబాదు సత్య నాదెళ్లకే ఎదురైంది. చేజారేలా ఉన్న వ్యాపార అవకాశాలు చూపమని, మాట విని పనిచేసే కోర్టానా అనే ప్రోగ్రామును అడిగితే, అది పాలు కొనడమని విన్నది. మళ్లీ అడిగినా దారికి రాలేదు. సభంతా నవ్వింది. ఆయన దాన్నే పట్టుకు వేలాడకుండా ముందుకు సాగాడు.

నువ్వూ అంతే. ఒక్కసారి విషయం చెప్పు, పదిసార్లు సారీ చెప్పకు. ఆపరేటరును కసురుకోకు. వైర్ల సంగతి అతను చూసుకుంటాడు, నువ్వు సభకేసి తిరిగి మాట్లాడు. బోర్డు మీద కృష్ణ, తుంగభద్రలను రెండు గీతలుగా గీసి మధ్యలో మస్కిని గుర్తుపెట్టు. 1837లో ప్రిన్సెప్ బ్రాహ్మి లిపిని చదివినప్పుడు దొరికింది దేవానాంప్రియుడు, ప్రియదర్శి అనే బిరుదులే. 1915లో మస్కిలో బయటపడిన శాసనంలో బిరుదుతోపాటు అశోకుడన్న పేరే ఉంది. నీ ప్రసంగానికి ప్రాణం ఇదే. దీనికి ప్రొజెక్టరు ఎందుకు?

చేతిలోని కాగితం మీద ప్రతి అంశం పక్కన స్లైడు నంబరు వేసుకో. తెర వెలిగాక మళ్లీ మొదటికి పోకుండా, ఆ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే సరాసరి అక్కడికే వెళ్తావు.

ముందురోజు సాయంత్రానికల్లా ఇంటికి రా. ల్యాప్‌టాప్ మూసేసి నాకు మొత్తం చెప్పు. ఎక్కడ తడబడితే అక్కడ ఇంకా చదవాలన్నమాట. మీ అత్తయ్య కూడా వింటానంటోంది. ఆమె ప్రశ్నలకు నిలబడగలిగితే ప్రొఫెసర్లకు భయపడక్కర్లేదు.

మీ మామయ్య