కళ్ళు మూసుకుని వేటాడే ప్లాటిపస్

నీళ్ళలో మునిగి కళ్ళు, చెవులు, ముక్కు అన్నీ మూసుకుని తిండి వెతుక్కోమంటే మీరేం చేస్తారు? తూర్పు ఆస్ట్రేలియా వాగుల్లోనూ, టాస్మానియాలోనూ నివసించే ప్లాటిపస్ రోజూ చేసే పని అదే. గుడ్లు పెట్టి, పిల్లలకు పాలిచ్చే వింత జంతువుగా దీని పేరు మీరు వినే ఉంటారు. మరి అది ఏం తింటుంది? దాన్ని ఏవి తింటాయి?

రహస్యమంతా దాని ముక్కులో ఉంది. చూడడానికి బాతు ముక్కులా ఉన్నా అది గట్టిగా ఉండదు. తోలులా మెత్తగా ఉంటుంది. అందులో సుమారు 40,000 విద్యుత్ గ్రాహకాలున్నాయి. ఏ ప్రాణి కండరం కదిలినా అతి స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. బురదలో దాగిన రొయ్య తోక ఆడించిందంటే చాలు, ప్లాటిపస్ పసిగట్టేస్తుంది. 1986లో శాస్త్రజ్ఞులు నీటిలో ఒక చిన్న బ్యాటరీ ఉంచి చూశారు. ప్లాటిపస్ దాన్ని కూడా వెతికి పట్టుకుంది! పాపం, తినడానికి మాత్రం ఏమీ దొరకలేదు.

నీటిపురుగుల డింభకాలు, వానపాములు, మంచినీటి రొయ్యలు, ‘యాబీ’ అనే పెద్దరొయ్య జాతి దీని ఆహారం. దొరికినదాన్ని మన కోతుల్లాగే బుగ్గసంచుల్లో దాచుకుని, పైకి వచ్చి నములుతుంది. పెద్ద ప్లాటిపస్‌కు పళ్ళుండవు. కొమ్ములాంటి గట్టి పలకలతో నూరుతుంది. ఆమ్లం స్రవించే జీర్ణాశయం కూడా లేదు! అయినా రోజుకు తన బరువులో 15 నుంచి 30 శాతం తింటుంది. ఆ లెక్కన 40 కిలోల బరువున్న మీరు కనీసం 6 కిలోలు తినాలి. అందుకే రోజులో పది పన్నెండు గంటలు దానికి వేటతోనే సరి.

పాములు, ఉడుములు, గద్దలు, గుడ్లగూబలు దీనికి పాత శత్రువులు. 19వ శతాబ్దంలో ఐరోపావారు వేట సరదాకోసం తెచ్చి వదిలిన ఎర్రనక్క కొత్త శత్రువు. వాగు ఎండి, ఒక మడుగునుంచి మరో మడుగుకు నడిచి వెళ్ళవలసి వచ్చినప్పుడు నక్కకు చిక్కుతుంది. మగదాని వెనుక కాలికి విషపు ముల్లు ఉన్నా, అది ముఖ్యంగా తోటి మగవాటితో పోరుకే.

అన్నిటికన్నా విచిత్రమైన ఆపద తిండివల్లే వస్తుంది. యాబీలకోసం మనుషులు నీటిలో అన్ని వైపులా మూసిన వలబుట్టలు పెట్టేవారు. లోపలి యాబీని పసిగట్టి ప్లాటిపస్ దూరేది. బయటికి దారి తెలియదు. గాలి పీల్చక తప్పదు. కొద్ది నిమిషాల్లో ఊపిరాడక చచ్చిపోయేది. ఇటువంటి బుట్టలను విక్టోరియా రాష్ట్రం 2019లో, న్యూ సౌత్ వేల్స్ 2021లో నిషేధించాయి. పైభాగం తెరచి ఉన్న వలలయితే యాబీలు పడతాయి, ప్లాటిపస్ మాత్రం పైకి ఈదిపోగలదు.