కనిపించని మనిషితో వాదన – మన గుండెకు వేదన



రోగికి తోడుగా ఆసుపత్రిలో ఉండేవారికి పగలంతా పరుగులే. మందులు తేవాలి, రిపోర్టులు తేవాలి, రోగికి తినిపించాలి. రాత్రి తొమ్మిది దాటాక కాస్త నడుము వాలుస్తారు. అప్పుడు చేతిలోకి వచ్చేది సెల్‌ఫోన్. అందులో ఎన్నికల గురించి ఎవరో ఒక మాట రాస్తారు. నిన్నటి క్రికెట్ మ్యాచ్ గురించి మరొకరు వెటకారం చేస్తారు. మనం జవాబు ఇస్తాం. అవతలివారు ఇంకో మాట అంటారు. ఆ మనిషి గుంటూరులో ఉన్నాడో, దుబాయిలో ఉన్నాడో, అమెరికాలో ఉన్నాడో మనకు తెలియదు. పేరు కూడా నిజమైనది కాకపోవచ్చు. అయినా అర్ధరాత్రి దాటేవరకు అతనితో పోట్లాడతాం.

దేశం గురించి, మన రాష్ట్రం గురించి ఆలోచించడం తప్పు కాదు. అది మంచి పౌరుని లక్షణం. ఆటను ప్రేమించడమూ మంచిదే. కానీ ముక్కూ మొహం తెలియని వారితో కోపంగా వాదించినప్పుడు దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఈ పాఠంలో ఆ విషయం తెలుసుకుందాం.

కోపం వస్తే శరీరంలో ఏమి జరుగుతుంది?

మన మూత్రపిండాల పైన రెండు చిన్న గ్రంథులు ఉన్నాయి. కోపం గాని, భయం గాని కలిగినప్పుడు అవి అడ్రినలిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. వెంటనే గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తనాళాలు బిగుసుకుని బి.పి. పెరుగుతుంది. కాలేయం నిల్వ ఉంచిన చక్కెరను రక్తంలోకి పంపుతుంది. కండరాలు గట్టిపడతాయి. పాము ఎదురైతే పారిపోవడానికి, దొంగ వస్తే ఎదిరించడానికి ఈ ఏర్పాటు పనికివస్తుంది. పరుగెత్తిన తరువాత శరీరం మెల్లగా చల్లబడుతుంది.

ఫోనులో వాదించేవారు పరుగెత్తరు. మంచం మీదనే ఉంటారు, బొటనవేలు మాత్రమే కదులుతుంది. అయితే ఎదుట ఉన్నది నిజమైన శత్రువా, అక్షరాలా అన్న తేడా గుండెకు తెలియదు. ఒక జవాబు పంపి, తిరుగు జవాబు కోసం ఎదురు చూస్తున్నంతసేపూ శరీరం యుద్ధానికి సిద్ధంగానే ఉంటుంది. ఆరోగ్యవంతులు కొంతసేపటికి కోలుకుంటారు. బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్నవారికి ఇది అదనపు బరువు.

రెండు నిజమైన ఉదాహరణలు

జాన్ హంటర్ 18వ శతాబ్దంలో లండన్‌లో పేరుపొందిన శస్త్రవైద్యుడు. ఆయనకు చాలా ఏళ్లుగా గుండెనొప్పి ఉండేది. కోపం వచ్చినప్పుడల్లా నొప్పి వస్తున్నదని ఆయనే గమనించాడు. తనకు కోపం తెప్పించేవారి చేతిలోనే తన ప్రాణం ఉన్నదని చెప్పేవాడట. 1793 అక్టోబరు 16న తాను పనిచేసే సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో ఒక సమావేశం జరిగింది. అక్కడ మాటా మాటా పెరిగింది. ఆయన అక్కడే కుప్పకూలి చనిపోయాడు. అంత గొప్ప వైద్యునికి కారణం తెలుసు, కానీ తెలిసినంత మాత్రాన ప్రాణం దక్కలేదు.

రెండవది ఆటకు సంబంధించినది. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగింది. మ్యూనిక్ నగర ప్రాంతంలో గుండెకు సంబంధించిన అత్యవసర కేసులను వైద్యులు లెక్కించారు. ఆ ఫలితాలు 2008లో ప్రచురించారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో ఆ కేసులు మామూలు రోజులకంటే రెండున్నర రెట్లకు పైగా ఉన్నాయి. ముందే గుండె జబ్బు ఉన్నవారికి ప్రమాదం మరింత ఎక్కువ. మైదానంలో ఆడినవారు వేరు, ఆసుపత్రికి వచ్చినవారు వేరు. వీరు చూస్తూ ఉద్రేకపడినవారు మాత్రమే.

కోపం వచ్చిన ప్రతివారికీ గుండెపోటు వస్తుందని దీని అర్థం కాదు. భయపడవద్దు. ఉద్రేకం మనసులో మాత్రమే ఉండదని, అది గుండెదాకా వెళుతుందని గ్రహిస్తే చాలు.

తెలియనివారి మీద అంత కోపం ఎందుకు?

టీ కొట్టు దగ్గర కూడా రాజకీయాలు మాట్లాడుకుంటాం. కాని అక్కడ ఎదుటివారి ముఖం కనిపిస్తుంది. ఆయన నొచ్చుకుంటే మనకు తెలుస్తుంది. వయసులో పెద్దవారైతే మాట తగ్గిస్తాం. టీ అయిపోతుంది, బస్సు వస్తుంది, "సరేలే అన్నా, రేపు చూద్దాం" అని లేచిపోతాం. వాదనకు ఒక ముగింపు ఉంటుంది.

ఫోనులో ముఖం లేదు, గొంతు లేదు, వయసు తెలియదు. మన పేరు కూడా వారికి తెలియకపోతే ఎదురుగా అనలేని మాటలు అనేస్తాం. జాన్ సులర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 2004లోనే ఈ సంగతిని వివరించి రాశారు. చుట్టూ చూసేవారు ఉండటంతో తగ్గితే పరువు పోతుందనిపిస్తుంది. పైగా ఇక్కడ రాత్రి రెండు గంటలైతే అమెరికాలో మధ్యాహ్నం. అక్కడి తెలుగువారు అప్పుడే భోజనం చేసి కూర్చుంటారు. అవతల ఎప్పుడూ ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు కనుక ఈ వాదనకు ముగింపు ఉండదు.

2023 నవంబరు 19న ప్రపంచకప్ ఫైనల్లో మన జట్టు ఓడిపోయింది. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. అటువంటి రోజుల్లో మనం రాసిన మాటలను ఇప్పుడు తీసి చదివితే, వాటివల్ల స్కోరు గాని, ఓట్ల లెక్క గాని మారలేదని మనకే తెలుస్తుంది.

రోగికి కలిగే నష్టం

1. నిద్ర: రోగి కోలుకోవడానికి నిద్ర కూడా మందే. ప్రక్కన ఫోను వెలుగు, మెసేజ్‌ల శబ్దం, మీ విసుగు రోగిని మేల్కొలుపుతాయి. మీకు కూడా నిద్ర పట్టదు. మరునాడు డాక్టరుగారు రౌండ్స్‌లో చెప్పింది మీ తలకెక్కదు.

2. బి.పి. లెక్క: బి.పి. చూసేముందు రోగి ఐదు నిమిషాలైనా మాట్లాడకుండా ప్రశాంతంగా కూర్చోవాలి. వాదన మధ్యలో చూస్తే అంకె ఎక్కువగా రావచ్చు. రోగి అప్పటిదాకా ఫోనులో వాదిస్తుంటే ఆ సంగతి సిస్టరుకు చెప్పండి. కాసేపు ఆగి మళ్లీ చూస్తారు.

3. గమనింపు: సెలైన్ అయిపోవడం, రోగికి చెమటలు పట్టడం, ఆయాసపడటం ముందుగా చూడవలసినది ప్రక్కన ఉన్న మీరే. కళ్లు ఫోనులో ఉంటే ఇవి కనిపించవు.

4. రోగే వాదిస్తే: గుండెపోటు వచ్చి మూడు రోజులు కూడా కాని రోగులు దుప్పటి క్రింద ఫోను పెట్టుకుని పార్టీల గురించి వాదించడం మేము వార్డులో చూస్తుంటాం. ఇంట్లోవారు తిడితే ఇంకా దాచుకుంటారు.

ఏమి చేయాలి?

1. రోగి గదిలో, ముఖ్యంగా రాత్రిపూట, వాదనలు పెట్టుకోవద్దు. నిద్రకు ఒక గంట ముందే ఫోను ప్రక్కన పెట్టండి.

2. మీ అభిప్రాయం ఒకసారి చెప్పండి. అర్థం కాకపోతే రెండవసారి వివరించండి. మూడవసారి వద్దు. రెండుసార్లు విననివారు పదిసార్లు చెప్పినా వినరు.

3. జవాబు పంపేముందు ఈ ప్రశ్న వేసుకోండి: "ఈ మనిషి నా ఎదురుగా ఈ స్టూలు మీద కూర్చుని ఉంటే ఇదే మాట అనేవాడినా?" అనలేనిదైతే చెరిపివేయండి.

4. దవడలు బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం, గుండె దడ – ఇవి శరీరం ఇచ్చే హెచ్చరికలు. ఫోను బోర్లించండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. ఐదు నిమిషాలు ఇలా చేసి, మంచినీళ్లు త్రాగి, వరండాలో నాలుగు అడుగులు నడవండి.

5. కులం, మతం, ఇంటి ఆడవారి గురించి దూషణ మొదలైతే అది వాదన కాదు. జవాబు ఇవ్వక ఆ వ్యక్తిని బ్లాక్ చేయండి. మీరూ అటువంటివి రాయవద్దు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ప్రకారం వర్గాల మధ్య వైరం పెంచే మాటలు శిక్షార్హమైన నేరం.

6. రోగి చేతిలోనుండి ఫోను లాక్కోవద్దు, "మీకెందుకు ఇవన్నీ" అని కసరవద్దు. ఇంట్లో వినేవారు లేకనే చాలామంది పెద్దలు తెలియనివారితో మాట్లాడతారు. ప్రొద్దున్నే పేపరు చదివి వినిపించండి. "ఈ సంగతి మీరేమంటారు నాన్నా?" అని అడగండి. మీకు నచ్చని మాట చెప్పినా, మధ్యలో ఖండించకుండా పది నిమిషాలు వినండి. ఆయనకు కావలసినది గెలుపు కాదు, తన మాటకు ఒక చెవి.

వెంటనే సహాయం ఎప్పుడు?

ఛాతీలో నొప్పి లేదా బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని నొప్పి ప్రాకడం, చల్లని చెమటలు, ఆయాసం, మూతి వంకరపోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడటం – వీటిలో ఏది కనిపించినా "కోపంవల్లలే, తగ్గిపోతుంది" అనుకోవద్దు. వార్డులో ఉంటే వెంటనే సిస్టరును పిలవండి. ఇంటి దగ్గర ఉంటే 108కి ఫోను చేయండి. ఎవరో అన్న మాటలకు రోజుల తరబడి దిగులు, నిద్రలేమి ఉంటే టెలి మానస్ 14416కు ఫోను చేసి మాట్లాడవచ్చు. దానికి డబ్బు తీసుకోరు.

ఇంట్లో కలిసి ఆలోచించండి

– ఈ వారం నేను ఎవరితో వాదించాను? అతని ముఖం నాకు తెలుసా?
– ఆ సమయంలో నా ప్రక్కన ఎవరు మేలుకుని ఉన్నారు?
– మా ఇంటి పెద్దల మాట చివరిసారిగా పూర్తిగా ఎప్పుడు విన్నాను?

ఓటు వేసే రోజున మీ అభిప్రాయం తప్పక చెప్పండి. మ్యాచ్ రోజున సంతోషంగా కేకలు వేయండి. మిగిలిన రాత్రులలో ఫోను ప్రక్కన పెట్టి మీ రోగి చేయి పట్టుకోండి. అవతల ఉన్న మనిషికి మీ పేరు కూడా తెలియదు. ఈ మంచం మీద ఉన్నవారు మాత్రం కళ్లు తెరవగానే మీ కోసమే చూస్తారు.